ఏది ముందు, ఏది వెనుక?

ఒక గ్రంథం ముందు పుట్టిందా, మరొకటి ముందు పుట్టిందా అనే చర్చ పండితుల కాలక్షేపమని మన మిత్రుల్లో చాలామంది అభిప్రాయం. శాసనాల్లో సంవత్సరాలు లెక్కపెట్టుకోవడం, శకటరేఫల జాడలు వెతకడం ప్రజాజీవితంతో సంబంధం లేని పనులనీ, వాటిని విశ్వవిద్యాలయాలకు వదిలివేసి మనం వస్తువునూ దృక్పథాన్నీ పరిశీలిస్తే చాలుననీ వారంటారు. ఐతే ఆ మిత్రులే నన్నయ పేరు వినబడగానే “ఆదికవి ఆయన కాడు, నన్నెచోడుడు” అని గట్టిగా చెబుతారు. అంటే వరుస వారికీ పట్టింది. పట్టనిదల్లా ఆ వరుసను నిర్ణయించే పద్ధతి.

నేను తిరువూరులో తెలుగు చెబుతున్నాను. నా తరగతిలో క్రైస్తవ కుటుంబాల పిల్లలు చాలామందే కూర్చుంటారు. నన్నయ పాఠంలో ఈ వివాదం ప్రస్తావనకు వచ్చినప్పుడు వారిలో ఒకరు, “బైబిలులో మత్తయి మొదట ఉన్నాడు గాని, రాసింది మార్కే ముందంటారు. అది ఎట్లా తేల్చారండీ?” అని అడిగారు. మంచి ప్రశ్న. సాహిత్య చరిత్రలో రెండు శతాబ్దాలకు పైగా ఎడతెగకుండా, పంక్తి పంక్తికీ తగవులాడుకుంటూ సాగిన వివాదాల్లో ఇది ముఖ్యమైనది. మన ఆదికవి వివాదానికి దీని పక్కన కుర్చీ వేసి కూర్చోబెడితే మనకు కొన్ని సంగతులు బోధపడతాయి.

తెలుగువారికి ఆ మూడు పుస్తకాలు ఒక్కసారే వచ్చాయి. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సంఘం తరఫున పనిచేసిన దెగ్రాంజి, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తల అనువాదం 1812లో శ్రీరామపురం ముద్రణాలయంలో అచ్చయింది. నాలుగోదైన యోహాను సువార్త నడక వేరు, కథాక్రమం వేరు. ఈ మూడింటికి మాత్రం విడదీయరాని చుట్టరికం ఉన్నది. మార్కులో 661 వచనాలున్నాయి. వాటిలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతుల విషయం మత్తయిలో కనిపిస్తుంది. సగానికి పైగా లూకాలో కనిపిస్తుంది. విషయమే గాదు, అనేక చోట్ల గ్రీకు మాటలూ, వాటి కూర్పూ, కథలు చెప్పిన క్రమమూ ఒక్కటే. ముగ్గురు సాక్షులు వేరువేరుగా చూసి చెబితే ఇట్లా ఉండదు. ఒకరి రాత మరొకరి ముందు ఉండి తీరాలి. ఎవరిది ఎవరి ముందు?

సంప్రదాయం చెప్పిన సమాధానం సులభమైనది. బైబిలులో ఉన్న వరుసే రాసిన వరుస. మత్తయి శిష్యుడు గనుక ముందు రాశాడు, మార్కు దాన్ని సంగ్రహించాడు. అయిదో శతాబ్ది మొదట్లో అగస్టీను ఈ మాట ఖాయం చేశాడు. అంతకు ముందు రెండో శతాబ్దిలో పపియాసు అనే ఆయన, మార్కు పేతురుకు దుబాసిగా ఉండి ఆయన చెప్పినవి జ్ఞాపకమున్నంత మేరకు రాశాడనీ, ఐతే క్రమంలో రాయలేదనీ అన్నాడు. పపియాసు పుస్తకం మనకు దక్కలేదు. నాలుగో శతాబ్దిలో యూసేబియసు ఉదాహరించిన తునకలే దక్కాయి. ఆ తునకల్లోనే ఆయన, పుస్తకాల్లో ఉన్నదానికంటె బతికి ఉన్న గొంతు చెప్పేది తనకు ఎక్కువ ఉపయోగమని కూడా అంటాడు. ఈ మాట నాకు ఇష్టం. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

1770 దశకంలో జర్మనీలో గ్రీస్బాఖ్ అనే పండితుడు మూడు సువార్తలనూ పక్కపక్కన నిలువు వరుసల్లో అచ్చువేశాడు. నా దృష్టిలో ఈ వివాదంలో అతిపెద్ద అడుగు ఇదే. వాదం కంటె ముందు పట్టిక వచ్చింది. పట్టిక చూసిన గ్రీస్బాఖ్ తేల్చినది మాత్రం నేడు ఎక్కువమంది ఒప్పుకోరు: మత్తయి మొదట, లూకా తర్వాత, ఆ రెంటినీ చూసి క్లుప్తంగా రాసినవాడు మార్కు అన్నాడు. 1838లో వైస్సె, విల్కె అనే ఇద్దరు వేరువేరుగా దీన్ని తలకిందులు చేశారు. మార్కే మొదటిది. మత్తయి, లూకా ఇద్దరూ మార్కును ముందుంచుకొని రాశారు. మార్కులో లేకుండా ఈ ఇద్దరిలోనే ఉన్న వచనాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. అవి ఎక్కువగా యేసు సూక్తులు. వాటికి మరొక మూలగ్రంథం ఉండి ఉండాలని వైస్సె ఊహించాడు. 1863లో హోల్ట్స్‌మన్, 1924లో ఇంగ్లండులో స్ట్రీటర్ ఈ సిద్ధాంతానికి గట్టి పునాదులు వేశారు. కనిపించని ఆ సూక్తి గ్రంథానికి, ‘మూలం’ అనే అర్థంగల జర్మను మాట మొదటి అక్షరంతో ‘క్యు’ అని పేరు నిలిచింది.

మార్కు ముందనడానికి చూపిన ఆధారాలు ఎంత చిన్నవో గమనించవలసి ఉన్నది. హేరోదు నిజానికి రాజు కాడు. రాజ్యంలో ఒక భాగానికి మాత్రమే అధిపతి. మార్కు ఆయన్ను రాజని రాశాడు. మత్తయి అదే కథ మొదలుపెడుతూ చతుర్థాధిపతి అని దిద్దాడు. కాని నాలుగు అడుగులు నడిచేసరికి దిద్దుబాటు మరచిపోయి తానూ రాజనే అన్నాడు. ఎదుట ఉన్న పుస్తకంలోని మాట అలవాటుగా చేతికి వచ్చింది. గుడేకర్ అనే పండితుడు ఇటువంటి చోట్లను పోగుచేసి వీటిని సంపాదకుని అలసట అన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దేవారికి ఈ అలసట కొత్తగాదు. పక్కవాని జవాబు చూసి రాసిన విద్యార్థి మొదటి పేరాలో మాటలు మార్చి, మూడో పేరాకు వచ్చేసరికి ఉన్నదున్నట్లు దింపుతాడు.

మరొకటి. స్వగ్రామంలో యేసు అద్భుతాలు చేయలేకపోయాడని మార్కు అంటాడు. చేయలేదని మత్తయి అంటాడు. చేయలేకపోవడానికీ చేయకపోవడానికీ నడుమ ఒక సంఘం భక్తి పెరిగిన కాలమంతా ఉన్నది. మొరటుగా, ఇబ్బందిగా ఉన్న మాటను తర్వాతివాడు నున్నగా చేస్తాడే గాని, నున్నని మాటను మొరటుగా చేయడు. మార్కు గ్రీకు కూడా మొరటుదే. మన పూర్వకావ్యాల పాఠపరిష్కరణ చేసినవారికి ఈ సూత్రం తెలియనిది గాదు.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండును. కాని ముగియలేదు. మార్కును చూసి వేరువేరుగా రాశారంటున్న మత్తయి, లూకాలు కొన్నిచోట్ల మార్కును కాదని ఒకరితో ఒకరు ఏకమౌతారు. యేసు కళ్ళకు గంతలు కట్టి, కొట్టినదెవరో చెప్పమని ఎగతాళిచేసే ఘట్టంలో ఆ ప్రశ్న మార్కులో లేదు. మత్తయి, లూకాల్లో మాత్రం అవే అయిదు గ్రీకు మాటలతో ఉన్నది. మరి ఒకరినొకరు చూడకపోతే ఇది ఎట్లా సాధ్యం? 1955లో ఫారర్, లూకా మార్కునూ మత్తయినీ రెంటినీ చూశాడు, కనుక కనిపించని మూలగ్రంథంతో పని లేదన్నాడు. 1964లో అమెరికాలో ఫార్మర్, గ్రీస్బాఖ్ వాదాన్నే మళ్ళీ లేవనెత్తాడు. మరోవైపు 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో తోమా సువార్త కాప్టిక్ భాషలో పూర్తిగా దొరికింది. అందులో కథ లేదు, 114 సూక్తులు మాత్రమే ఉన్నాయి. వట్టి సూక్తులతో గ్రంథాలుండేవని దానితో రుజువైంది. ‘క్యు’ ఉన్నదని రుజువు కాలేదు. మార్కు ముందన్న మాట ఈనాడు అత్యధిక సంఖ్యాకుల అభిప్రాయం. ‘క్యు’ సంగతి అంత స్థిరంగా లేదు.

ఈ వరుసతో మనవంటివారికి ఏమి పని? ఉన్నది. లూకాలో యేసు బీదవారినే ఎదుట పెట్టుకొని ధన్యులంటాడు, ఆకలిగొన్నవారిని ధన్యులంటాడు, వెంటనే ధనవంతులకూ కడుపునిండినవారికీ అయ్యో అని శాపం పెడతాడు. మత్తయిలో ఆ బీదరికం ఆత్మకు సంబంధించినదౌతుంది, ఆ ఆకలి నీతి కోసం ఆకలి ఔతుంది, ధనికులకు శాపం పూర్తిగా మాయమౌతుంది. కౌట్‌స్కీ 1908లో అచ్చయిన తన క్రైస్తవ మూలాల గ్రంథంలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, లూకాలో ఉన్నది ఆదిమ క్రైస్తవుల వర్గద్వేషమనీ, మత్తయి దాన్ని మెత్తబరచిన సంస్కరణవాది అనీ తీర్పు చెప్పాడు. జర్మన్ సోషలిస్టు పార్టీలో బెర్న్‌స్టైన్ వాదంతో తగవు పచ్చిగా ఉన్న రోజులవి. కౌట్‌స్కీ మత్తయిలో ఎవరిని చూశాడో పాఠకులు ఊహించగలరు.

‘ఆత్మ విషయం’ అనే మాట మత్తయి చేర్చినదేనని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. కనుక ఇక్కడ కౌట్‌స్కీ దాదాపు సరిగానే చూశాడు. ఐతే ఆయన తర్కంలో ఒక లోపం ఉన్నది. ధనికుడు, లాజరు కథ లూకాలో తప్ప మరెక్కడా లేదు. బలవంతులను సింహాసనాల మీదినుంచి దించే మరియ పాటా లూకాలోనే ఉన్నది. బీదలూ ధనికులూ అన్నది లూకా తన పుస్తకం పొడుగునా పట్టుకున్న విషయం. ఫారర్ చెప్పినట్లు లూకా మత్తయిని చూసి రాసినవాడే ఐతే, ఆ వర్గద్వేషం ఆదిమకాలపుది గాక, మెత్తని పాఠానికి తర్వాతివాడు పెట్టిన పదును ఔతుంది. అప్పుడు కౌట్‌స్కీ కథ తిరగబడుతుంది. తొలినాటిది ప్రజలదీ, తర్వాతిది పాలకులదీ అన్న సూత్రం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అది ముందుగా అనుకోదగినది గాదు. తర్వాతివాడు మెత్తబరచనూవచ్చు, పదునుపెట్టనూవచ్చు. ఏది జరిగిందో చూసి చెప్పవలసిందే.

ఎంగెల్స్ విషయంలోనూ ఇటువంటిదే ఒకటి ఉన్నది. బెర్లిన్‌లో బేనారీ అనే ఆచార్యుని ఉపన్యాసాలు ఆధారంగా చేసుకొని, 1894 వ్యాసంలో ఆయన కొత్త నిబంధన అంతటిలోకీ ప్రకటన గ్రంథం అతి ప్రాచీనమనీ, అది క్రీ.శ. 60 దశకం చివర రాసినదనీ నిశ్చయించాడు. అందులోని 666 అంకె నీరో చక్రవర్తి పేరన్న వాదం ఈనాటికీ బలంగానే ఉన్నది. కాని గ్రంథకాలం గూర్చి నేటి పండితుల్లో ఎక్కువమంది డొమీషియన్ చక్రవర్తి పాలన చివర, క్రీ.శ. 95 ప్రాంతమని అంటున్నారు. పౌలు లేఖలు అంతకు ఎంతో ముందువి. ఈ మాట చెబితే ఎంగెల్స్ పట్ల అపచారమని కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. నొచ్చుకోనవసరం లేదు. ఆయన తన కాలపు ఉత్తమ పాండిత్యాన్ని తీసుకొని దాని మీద నిలిచి మాట్లాడాడు. ఇంకొక సంగతి చూడండి. బ్రూనో బౌవర్ 1841-42లో సువార్తల మీద రాసిన విమర్శలో మార్కు ముందన్న మాటను చివరంటా తీసుకువెళ్ళాడు; మార్కు మూలం ఐతే కథను అల్లినవాడు ఆ రచయితే గదా అన్నాడు. ఫలితంగా 1842లో బాన్ విశ్వవిద్యాలయంలో ఆయనకు బోధించే హక్కు పోయింది. 1845లో మార్క్స్, ఎంగెల్సులు ఇదే బౌవరును తమ పవిత్ర కుటుంబం గ్రంథంలో ఎంత తీవ్రంగా ఖండించారో మనకు తెలుసు. ఐనా 1882లో బౌవర్ చనిపోయినప్పుడు ఎంగెల్స్ వ్యాసం రాసి, క్రైస్తవం పుట్టుకను గూర్చి బౌవర్ చేసిన పని విలువను గుర్తించాడు. రాజకీయ శత్రువు కాలనిర్ణయంలో సరైన మాట అనగలడని ఒప్పుకోవడానికి ఆయనకు బాధ కలగలేదు.

పీఠాధిపతులకూ ఈ వరుసతో పని ఉన్నది. 1911లోనూ 1912లోనూ రోమన్ కాథలిక్ సంఘపు బైబిలు కమిషన్, మత్తయే మొదటిదని బోధించాలనీ, రెండు మూలాల సిద్ధాంతాన్ని సమర్థించరాదనీ ఉత్తర్వులిచ్చింది. 1943లో పోపు ఇచ్చిన లేఖతో గాని కాథలిక్ పండితుల చేతులకు కట్లు వదులు కాలేదు. పేతురు అనే బండమీద సంఘం కడతానన్న మాట మత్తయిలోనే ఉన్నది, మార్కులో లేదు; రోముకు మత్తయి మీద అంత పట్టుదల ఎందుకో దీనివల్ల కొంత తెలుస్తుంది. బిస్మార్కు పోపుతో పోరాడిన 1870 దశకంలో జర్మన్ ప్రొటెస్టంటు విశ్వవిద్యాలయాల్లో మార్కు సిద్ధాంతం అంత త్వరగా స్థిరపడటానికి ఇదే కారణమని ఫార్మర్ వాదించాడు. కావచ్చు. కాని ఒక సిద్ధాంతానికి రాజ్యం ఆశ్రయమిచ్చిందన్నంత మాత్రాన అది అబద్ధం కాదు. హేరోదును మత్తయి ముందు అధిపతి అని, తర్వాత రాజని అన్న సంగతి బిస్మార్కు పుట్టకముందూ ఉన్నది, పోయిన తర్వాతా ఉన్నది. ఎవరి అవసరం ఏ వాదాన్ని పైకెత్తిందో చెప్పడం ఒక పని, ఆ వాదం నిలుస్తుందో లేదో చెప్పడం మరొక పని. మన వ్యాసాల్లో మొదటి పని చేసి రెండోది కూడా ఐపోయిందని సంతోషించడం తరచుగా జరుగుతున్నది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

1909లో మానవల్లి రామకృష్ణకవి గారు తంజావూరు సరస్వతీ మహలులో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా నన్నెచోడుని కుమారసంభవం మొదటి భాగం అచ్చువేశారు. విస్మృత కవులన్న వరుసలో అది వచ్చింది. రెండో భాగం 1914లో వచ్చింది. అంతవరకు తెలుగువారికి ఇటువంటి కవి ఉన్నాడనే తెలియదు. కవి క్రీ.శ. 940 ప్రాంతం వాడనీ, కనుక రాజరాజనరేంద్రుని ఆస్థానంలో పదకొండో శతాబ్దిలో భారతం మొదలుపెట్టిన నన్నయ కంటె ముందువాడనీ మానవల్లి వారు ప్రకటించారు. వీరేశలింగం గారి కవుల చరిత్ర చదివి నన్నయతో సాహిత్యం మొదలౌతుందని నమ్మిన లోకానికి ఇది పిడుగు. కొందరు సంతోషించారు, కొందరు ఖండించారు, అసలు ఈ కావ్యమే కూటసృష్టి అని అనుమానించినవారూ లేకపోలేదు. కూటసృష్టి అనుమానానికి నేను విలువ ఇవ్వను. పన్నెండు ఆశ్వాసాల కావ్యాన్ని, అందులోని పాత మాటలతోసహా కల్పించగలవాడు తన పేరుతోనే రాసుకొని మహాకవి అనిపించుకునేవాడు.

నన్నెచోడుడు ముందనేవారి ప్రధాన ఆధారాలు రెండు. మొదటిది, పూర్వకవులను స్తుతిస్తూ ఆయన సంస్కృత కవులను చెప్పాడే గాని నన్నయను చెప్పలేదు. రెండవది, అవతారికలో ఒక పద్యం. లోకంలో మార్గకవిత వెలుగుతుండగా సత్యాశ్రయునితో మొదలైన చాళుక్యరాజులు దేశికవితను పుట్టించి ఆంధ్రదేశంలో తెలుగును నిలిపారని దాని భావం.

మౌనం సంగతి ముందు చూద్దాం. మార్కులో యేసు జననకథ లేదు. మార్కు మొదటివాడనేవారు ఆ కథ ఆయనకు తెలియదంటారు. చివరివాడనేవారు తెలిసి వదిలాడనవలసి వస్తుంది. అక్కడ మౌనానికి బరువున్నది, ఎందుకంటే మిగిలినదంతా మాటకు మాట సమానంగా ఉండగా ఆ ఒక్కటే లేదు. నన్నెచోడుని మౌనానికి అంత బరువు లేదు. ఆయన శైవుడు, జంగమ మల్లికార్జునుని శిష్యుడు, తన కావ్యాన్ని గురువుకే అంకితమిచ్చినవాడు. వైదికాచారపరుడైన నన్నయను స్తుతించకపోవడానికి తెలియకపోవడమొక్కటే కారణం కానక్కరలేదు. పైగా నన్నయ కూడా నన్నెచోడుని గూర్చి మౌనంగానే ఉన్నాడు. మౌనమే సాక్ష్యమైతే ఇద్దరూ ఒకరికంటె ఒకరు ముందువారౌతారు!

ఇక సత్యాశ్రయుడు. బాదామి చాళుక్యుల రెండో పులకేశికి సత్యాశ్రయుడన్న బిరుదున్నది. ఆయన ఏడో శతాబ్దివాడు. కల్యాణి చాళుక్యుల్లో ఆ పేరుగల రాజు 997 నుంచి 1008 వరకు ఏలాడు. పద్యంలోనివాడు రెండోవాడైతే నన్నెచోడుడు పదో శతాబ్దివాడు కావడం అసాధ్యం. మొదటివాడే ఐతే? అప్పుడు కూడా కవి ఏడో శతాబ్ది తర్వాతివాడని మాత్రమే తేలుతుంది. నన్నయకు ముందువాడని తేలదు. ఒక గ్రంథంలో కనిపించిన సంఘటన గ్రంథం దానికి ముందుది కాదని చెబుతుందే తప్ప ఎంత తర్వాతదో చెప్పదు. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిన జాడ సువార్తల్లో ఉన్నదా లేదా అని పండితులు అంత పట్టుగా వెతికినది ఈ తర్కం కోసమే.

ఎదుటి పక్షానికి ఆధారాలు ఇంతకంటె బలమైనవి. గురువుకు జంగమ అన్న విశేషణం, కావ్యమంతటా వ్యాపించిన శైవదీక్ష పన్నెండో శతాబ్దిలో బసవేశ్వరుని కాలాన ఉధృతమైన ఉద్యమ వాతావరణానికి దగ్గరగా ఉన్నాయి. ఆ శబ్దం అంతకు ముందు లేదనడానికి వీల్లేదు. ఐతే దాన్ని గురువు పేరుకు గౌరవంగా ముందు చేర్చే అలవాటు ఏ కాలపుదన్నది ప్రశ్న. జానుతెనుగు అనే మాటను నన్నెచోడుడూ వాడాడు, పాల్కురికి సోమనాథుడూ వాడాడు. వస్తుకవిత, మార్గం, దేశి అని కవిత్వాన్ని విడదీసి మాట్లాడటం, కుకవులను నిందించడం ఒక సాహిత్యం కొంత పెరిగి తనవైపు తాను చూసుకున్నప్పుడు చేసే పనులు. నన్నయ తర్వాత, తిక్కనకు ముందు, పన్నెండో శతాబ్దిలో ఆయన్ను నిలిపిన పక్షమే నాకు బలంగా కనిపిస్తుంది.

ఐతే సువార్తల పండితులకున్న అసలు పనిముట్టు మనకు లేదని ఒప్పుకోవాలి. వారికి మూడు గ్రంథాలు ఒకే కథను ఒకే మాటలతో చెప్పాయి. ఎవరిది ఎవరు దిద్దారో వెదకవచ్చు. నన్నయ చెప్పినది భారతం, నన్నెచోడుడు చెప్పినది కుమారజననం. అక్కడక్కడ పోలికలు చూపినవారున్నారు గాని, హేరోదు వంటి చోటు ఒక్కటీ లేదు. వారికి గ్రీకు ప్రతులు వేలసంఖ్యలో ఉన్నాయి. మనకు తంజావూరు ఆకుల కట్ట ఉన్నది.

అంత తక్కువ ఆధారం మీద మనవారు అంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నారు? నన్నయ రాజాస్థాన బ్రాహ్మణుడు. ఆయనకు సహాయపడిన నారాయణభట్టుకు రాజు నందంపూడి అగ్రహారం ఇచ్చాడు. 1053 నాటి ఆ దానశాసనం రచించినది నన్నయభట్టే. పురాణం తెలుగులోకి దిగడం, భూమి చేతులు మారడం ఒకే రాగిరేకుల మీద కనిపించే దృశ్యం మన విమర్శకు ఎంతో విలువైనది. దీనికి ఎదురుగా దేశికవిత అన్నవాడు, జానుతెనుగు అన్నవాడు, బ్రాహ్మణేతరుడు ఒకడు ముందే ఉన్నాడంటే మన మనస్సు ఉప్పొంగుతుంది. మొదట ప్రజల భాషలో ప్రజల కవిత్వం ఉండేదనీ, తర్వాత ఆస్థానం వచ్చి దాన్ని సంస్కృతంతో కప్పివేసిందనీ కథ చక్కగా కుదురుతుంది. ఇది కౌట్‌స్కీ కథే.

కాని ఆ నన్నెచోడుడు ఎవరు? ఒరయూరుకు అధిపతినని చెప్పుకున్న చోళవంశపు రాజు. కవిరాజశిఖామణి ఆయన బిరుదు. నన్నయ రాజు కొలువులో పనిచేసినవాడు; నన్నెచోడుడు కొలువు తీర్చినవాడు. భూస్వామ్య సంబంధాల దృష్టితో చూస్తే ఎవరు ఎవరికంటె ప్రజలకు దగ్గరివారు? ఇక జానుతెనుగు సంగతి. ఆయన దాన్ని ప్రశంసించిన మాట నిజమే. అచ్చమైన తెలుగు నుడికారంతో ముచ్చటగా నడిచే పద్యాలున్న మాటా నిజమే. అదే కావ్యంలో సంస్కృత సమాసాల బరువు కింద నలిగే పద్యాలూ, బంధకవిత్వపు చిక్కుముడులూ ఉన్నాయి. కవి చేసిన ప్రకటన వేరు, చేసిన పని వేరు. మన సమకాలిక కవుల విషయంలో ఈ తేడాను వెంటనే పసిగట్టే మనం, ఎనిమిదివందల ఏళ్ళనాటి రాజు విషయంలో ప్రకటననే పట్టుకొని ఊరుకుంటున్నాము.

నన్నయ పక్షంవారు నిష్పక్షపాతులని దీని అర్థం కాదు. వారి కల్పనలు మరీ పెద్దవి. ఆంధ్రశబ్దచింతామణి అనే సంస్కృత సూత్రాల తెలుగు వ్యాకరణాన్ని నన్నయకు అంటగట్టారు. భీమకవి ఆ గ్రంథాన్ని గోదావరిలో కలిపాడనీ, రాజరాజు కొడుకు సారంగధరుడు దాన్ని కంఠస్థం చేసి కాపాడాడనీ పదిహేడో శతాబ్దిలో అప్పకవి కథ చెప్పాడు. సువార్తల మీది పేర్లు కూడా రచయితలు పెట్టుకున్నవి కావు; తర్వాతి సంఘం అధికారం కోసం అపొస్తలుల పేర్లనూ వారి అనుచరుల పేర్లనూ తగిలించింది. శాసించేవానికి శాసించే గ్రంథం కావాలి, లేకపోతే పుట్టించాలి.

అసలు ఆదికవి ఎవరన్న ప్రశ్నే రెండు పక్షాలనూ ఒకే గదిలో బంధించింది. 848 ప్రాంతంలో పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉన్నది. పదో శతాబ్దిలో యుద్ధమల్లుని బెజవాడ శాసనం మధ్యాక్కరల్లో ఉన్నది; అది కుమారస్వామి గుడికి సంబంధించినది కావడం ఒక విశేషం. తెలంగాణలో కురిక్యాల బండమీద కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనంలో తెలుగు కందాలున్నాయి, ఆయన జైనుడు. ఈ పద్యాలన్నీ నన్నయకు ముందువి, నన్నెచోడుని కాలం ఏదైనా వీటిలో కొన్ని ఆయనకూ ముందువే. అద్దంకి పద్యం కట్టిన మనిషి పేరు రాతిమీద లేదు. తరువోజ, మధ్యాక్కర సంస్కృతం ఇచ్చినవి కావు, పాటలోనుంచి పైకి వచ్చినవి. బిరుదురాజు రామరాజు గారు 1958లో ప్రకటించిన జానపద గేయ పరిశోధన చూసినవారికి, పాటల్లో ఏది ముందో ఏది వెనుకో అడగడం ఎంత కష్టమో తెలుస్తుంది. పాడిన ప్రతిసారీ పాట మళ్ళీ పుడుతుంది. జర్మనీలో 1919 తర్వాత ష్మిట్, డిబేలియస్, బుల్ట్‌మన్ సువార్తల వెనుక ఉన్న ఈ నోటిమాట దశను పరిశీలించారు. పపియాసు కోరిన బతికి ఉన్న గొంతు అదే. వరుసల వివాదం దాంతో ఆగలేదు గాని, మొదటి పుస్తకమే మొదలు అన్న భ్రమ పోయింది.

ఇంత చెప్పిన తర్వాత వరుస వద్దని నేననడం లేదు. కావాలనే అంటున్నాను, పట్టికతో కావాలంటున్నాను. చేయదగిన పని ఒకటి సూచిస్తాను. పాత తెలుగు శాసనాల్లో ఴ అనే అక్షరం ఉండేది. చోడ శబ్దమే రేనాటి శాసనాల్లో ఆ అక్షరంతో చోఴ అని కనిపిస్తుంది. తర్వాతి కాలంలో అది క్రమంగా కనుమరుగై, దాని స్థానంలో డకారమో ళకారమో నిలిచింది. తాటాకు మీద ప్రతి రాసినవాడు వర్ణక్రమాన్ని తన కాలానికి మార్చగలడు, ప్రాసను మార్చలేడు. మారిస్తే నాలుగు పాదాలూ కూలతాయి. కుమారసంభవంలో ఒకప్పుడు ఴ ఉండిన మాటలు ప్రాసస్థానంలో వేటితో జత కట్టాయి? తమలో తాము మాత్రమే కలిశాయా, మొదటినుంచీ డకారమున్న మాటలతో కూడా కలిశాయా? అవే మాటలను నన్నయ రెండున్నర పర్వాల్లో, 1000కి ముందున్న పద్యశాసనాల్లో, తిక్కనలో పక్కపక్కన నిలువు వరుసల్లో రాసి చూడాలి. శకటరేఫ, సాధురేఫల ప్రాసలకూ ఇదే పట్టిక వేయవచ్చు. నలుగురు విద్యార్థులు ఒక వేసవి కూర్చుంటే అయ్యే పని. కావ్యానికి రెండు భాగాలూ, నన్నయకు మంచి పరిష్కృత ప్రతి ఒకటీ, గళ్ళ కాగితాలూ చాలు.